బయట గాలి బాగాలేని రోజు వంట: కిటికీ తెరవాలా, మూసి ప్యూరిఫయర్ పెట్టాలా?

గాలిమర:
బయట పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని రేణువులు) క్యూబిక్ మీటరుకు 90 మైక్రోగ్రాములు ఉన్న రోజు కిటికీలన్నీ మూసి ప్యూరిఫయర్ వేసుకోమని చాలామంది చెప్తున్నారు. గ్యాస్ పొయ్యి వెలిగే వంటింటికి అది తప్పుడు సలహా. ప్యూరిఫయర్‌లో ఉండే హెపా ఫిల్టరు పట్టేది రేణువులనే, వాయువులను కాదు. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. ఇవి రెండూ ఫిల్టరు దాటి అలాగే పోతాయి. కిటికీ తెరవాల్సిందే.

వడపోత:
వాయువుల సంగతి నిజమే గాలిమర గారూ. కానీ కిటికీ బార్లా తీస్తే ఆ 90 ఇంట్లోకొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల సగటుకు పెట్టిన హద్దు 15 మైక్రోగ్రాములు. వంట అరగంటే, వచ్చిన మురికి మాత్రం గంటల తరబడి పీలుస్తాం. మూసుకుని, సరైన సైజు ప్యూరిఫయర్ పెట్టుకోవడమే మేలు. 12 చదరపు మీటర్ల గది, 3 మీటర్ల ఎత్తు అనుకుంటే 36 క్యూబిక్ మీటర్లు. గంటకు ఐదుసార్లు శుభ్రపడాలంటే సీఏడీఆర్, అంటే ప్యూరిఫయర్ గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి, 180 క్యూబిక్ మీటర్లు కావాలి. డబ్బా మీద వేసేది ఫుల్ స్పీడు అంకె. చప్పుడు భరించలేక తక్కువ స్పీడులో పెడతారు, అక్కడ అందులో సగం కూడా రాకపోవచ్చు.

కొలబద్ద:
ఇద్దరూ కిటికీ దగ్గరే ఆగిపోయారు. ముందు తేల్చుకోవాల్సింది చిమ్నీ గొట్టం ఇంటి బయటికి వెళ్తోందా లేదా అని. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరు గుండా గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే రకం జిడ్డు, వాసన తగ్గిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు.

గొట్టం ఉంటే ఫ్యాన్ వేసి మెష్‌కు టిష్యూ కాగితం ఆనించండి. అతుక్కుని నిలబడాలి. జారిపోతే మెష్‌కు పట్టిన జిడ్డు వేడి సబ్బునీళ్లతో వదిలించండి. అయినా నిలవకపోతే గొట్టం బయటి చివర ఉండే రేకు మూత తెరుచుకుంటోందో చూడండి, జిడ్డుకు అంటుకుపోతుంది. ఇల్లంతా బిగించేసినా కాగితం జారుతుంది, ఎందుకంటే బయటికి పోయే గాలికి బదులు గాలి ఎక్కణ్నుంచో రావాలి. వడపోత గారి పద్ధతిలో చిక్కు ఇదే.

పొయ్యి వెలిగించక ముందే ఫ్యాన్ వేయండి, దించాక ఇంకో 10-15 నిమిషాలు ఉంచండి. చిమ్నీ పొయ్యి ముందుభాగాన్ని పూర్తిగా కప్పదు కాబట్టి వెనక బర్నర్ల మీద వండితే పొగ ఎక్కువగా అందుతుంది. మంట పసుపుగా లేస్తుంటే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయండి.

వడపోత:
ఆ బదులు గాలీ బయటి మురికే కదండీ?

కొలబద్ద:
అవును. అందుకే బార్లా కాదు, పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ రెండంగుళాలు. మిగతా ఇంటివైపు తలుపు మూసేయండి. ప్యూరిఫయర్ ఆ తలుపుకి అవతల, మిగతా ఇంట్లో పెట్టాలి. వంటింట్లో పెడితే నూనె ఆవిరికి హెపా తొందరగా పూడిపోతుంది.

పచ్చాకు:
మొక్కలు పెంచితే సరిపోదా?

కొలబద్ద:
సరిపోదు. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాటకు మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. కిటికీ సందుల్లోంచి వచ్చిపోయే గాలి చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019లో లెక్కగట్టారు.

గాలిమర:
రాత్రిపూట కూడా మూయమంటే ఒప్పుకోను. నిద్రలో మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అదే 36 క్యూబిక్ మీటర్ల గదిలో ఇద్దరుంటే, గాలి అసలు మారకపోతే, గంటకు 650 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 650 పాళ్లు) పైన పెరుగుతుంది. స్ప్లిట్ ఏసీ ఆ గాలినే తిప్పుతుంది.

వడపోత:
పడకగది తలుపు ఓరగా తీస్తే ఆ గాలి ఇల్లంతా పంచుకుంటుంది, బయటి 90 రాదు. నా ఓటు ఇప్పటికీ కిటికీ మూయడానికే. ఒకటి మాత్రం చూసుకోండి: తేమ బాగా ఉన్న రోజు చవక లేజర్ మీటర్లు పీఎం 2.5ను ఎక్కువ చేసి చూపిస్తాయి, రేణువులు నీటిని పట్టి ఉబ్బుతాయి కాబట్టి. ఆ అంకె చూసి కిటికీ మూసేముందు దగ్గర్లోని పర్యవేక్షణ కేంద్రం రీడింగుతో పోల్చండి.