పాత మోటర్‌హోమ్ కొనేముందు దాని స్థితిని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా కుటుంబంలో పెద్దవాళ్లం ఇద్దరం, పిల్లలు ఇద్దరు. సెలవుల్లో తిరగడానికి ఒక పాత మోటర్‌హోమ్, అంటే పడక, వంట వసతులున్న బండి, కొనాలనుకుంటున్నాము. ప్రస్తుతం మా దృష్టిలో ఉన్న బండికి పన్నెండేళ్లు నిండాయి. అయితే వయసుతో పోలిస్తే అది తిరిగిన దూరం చాలా తక్కువ. ఇంజిన్‌కు ఏ లోటూ లేదని, ఎక్కువ కాలం షెడ్డులోనే ఉందని యజమాని చెబుతున్నారు. ఫొటోల్లో లోపలి భాగం శుభ్రంగానే ఉంది కానీ, వెనక మంచం పైన ఒక మూలలో మాత్రం గోడకు కొత్త రేకు అతికించినట్టు కనిపిస్తోంది.

పాత కార్లు కొన్న అనుభవం నాకు ఉంది. నాతో వచ్చే మెకానిక్ కూడా ఇంజిన్, గేర్లు, బ్రేకుల సంగతి చూడగలరు. మా ఇద్దరికీ తెలియనిది ఇంటి భాగం, అంటే పైకప్పు, గోడలు, నీళ్లు, గ్యాస్, కరెంటు. యజమాని ఒక పూట సమయం ఇస్తానన్నారు. ఆ కొద్ది సమయంలో ముందుగా ఏవి చూడాలో, ఏ లోపం కనిపిస్తే ఇక బేరం మానుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి సమాధానం

మీరు చూడబోయేది రెండు వస్తువులు. కింద ఒక వాహనం, దాని మీద ఒక చిన్న ఇల్లు. ఈ రెండూ ఒకే తీరుగా పాతబడవు. వాహనానికి వచ్చే జబ్బులు చాలావరకు మెకానిక్‌కు తెలుస్తాయి, విడిభాగాలూ దొరుకుతాయి. ఇంటి భాగాన్ని పాడుచేసేది మాత్రం ప్రధానంగా నీరు. అది ఏళ్ల తరబడి గోడ లోపల ఉండి, బయటికి కనిపించేనాటికే చెక్కను కుళ్లబెట్టి ఉంటుంది. అందువల్ల మీ పూటలో సగభాగం తేమ వెతకడానికే కేటాయించమని నా సలహా.

ముందు పైకప్పు ఎక్కండి. అది మనిషి బరువు మోస్తుందో లేదో తెలియకపోతే నిచ్చెన మీదనుంచే చూడండి. కప్పు మధ్యభాగం నుంచి నీరు కారడం అరుదు. గాలి కిటికీలు, యాంటెన్నా, సోలార్ పలకల బిగింపులు, అంచు పట్టీలు, అంటే ఎక్కడెక్కడ రంధ్రం చేశారో అక్కడే దారి దొరుకుతుంది. ఆ చోట్ల సీలెంటు, అంటే నీరు చొరకుండా పూసే బంక, ఎండి పగిలిందా, అంచు లేచిందా, పాతదాని మీద కొత్తది పూశారా అన్నది చూడాలి. చుట్టూ పాత సీలెంటు ఉండి ఒక్కచోట మాత్రం తెల్లగా మెరిసే కొత్త పూత కనిపిస్తే అక్కడ ఎప్పుడో నీరు కారిందని అర్థం. అది సిలికాన్ అయితే మరీ చిక్కు. ఎండిన సిలికాన్ మీద మరే సీలెంటూ సరిగా పట్టదు కనుక రేపు మీరు బాగు చేయాలంటే అంతా గోకి తీయాల్సి వస్తుంది.

తర్వాత గోడలు. చాలా బళ్లలో గోడ అంటే బయట పలుచని ఫైబర్‌గ్లాస్ రేకు, మధ్యలో ఫోమ్, లోపల పలుచని ప్లైవుడ్, వీటన్నింటినీ జిగురుతో అతికించిన పలక. నీరు చేరితే జిగురు వదిలి బయటి రేకు ఉబ్బుతుంది. ఎదురుగా నిలబడితే ఇది కనిపించదు. బండి వెనక మూల దగ్గర నిలబడి, చెంప గోడకు ఆనేటంత దగ్గరగా పెట్టి, టార్చి వెలుగును గోడ పొడవునా ఏటవాలుగా పడనిచ్చి చూడండి. సమంగా ఉండాల్సిన చోట అలలు కనిపిస్తే, అరచేత్తో నొక్కినప్పుడు రేకు లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తే, ఆ గోడ పొరలు విడిపోయినట్టే. కిటికీ కింద అరచేయంత మేర ఉబ్బితే బాగు చేయించవచ్చు. గోడ సగం ఉబ్బితే మాత్రం నేను వెనక్కి తిరిగి వచ్చేస్తాను.

లోపలికి వెళ్లాక పరుపులు, మెత్తలు తీయించండి. పై అల్మారాల లోపలి మూలలు, కిటికీల కింది మూలలు, మంచం కింది పెట్టె, చక్రం మీది గూడు చూడండి. మరకల కంటే నమ్మదగిన సాక్ష్యం స్క్రూలు. కిటికీ చట్రం స్క్రూ తలలు, అల్మారా లోపల కొట్టిన పిన్నులు తుప్పు పట్టి ఉంటే, ఎంత తుడిచి రంగు వేసినా, అక్కడ చెమ్మ నిలిచిందన్న మాట మిగిలే ఉంటుంది. తలుపు దగ్గర, సింకు ముందు, టాయిలెట్ పక్కన నేలను మడమతో నొక్కి నడవండి. మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ చెడింది.

ఫొటోలో మీరు గమనించిన కొత్త రేకు గురించి సూటిగా అడగండి. పని చేయించిన రసీదు, విప్పినప్పుడు తీసిన ఫొటోలు ఉంటే అది లోపం కాదు, మంచి మరమ్మతు. అవేమీ లేకపోతే పైన పటారం లోన లొటారం అనుకోవాల్సిందే.

రెండవ సమాధానం

పై సమాధానంలో తేమ గురించి చెప్పినదంతా నిజమే. అయితే ఇంజిన్ సంగతి మెకానిక్‌కు వదిలేస్తే చాలన్నట్టు ధ్వనించింది కాబట్టి కొంత కలుపుతున్నాను. తడిసిన గోడ డబ్బు పోగొడుతుంది. పాత టైరు, మించిన బరువు ప్రాణాల మీదికి తెస్తాయి.

మోటర్‌హోమ్ టైర్లు అరగకముందే ముసలివవుతాయి. బండి ఏడాదిలో ఎక్కువ భాగం నిలిచే ఉంటుంది కనుక టైరు మీది గాడులు లోతుగా, కొత్తగానే కనిపిస్తాయి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. ఆ అంకెలు టైరుకు ఒక వైపే ఉండవచ్చు, బయట కనిపించకపోతే బండి కిందికి వంగి లోపలి వైపు చూడాలి. ఆరేడేళ్లు దాటినవి, పక్క గోడల మీద సన్నని పగుళ్లు పడ్డవి గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సినవే. స్టెప్నీని మరచిపోకండి, తరచుగా అదే అన్నింటికంటే పాతది.

తక్కువ తిరిగిందన్న మాటను నేను అంత గొప్పగా తీసుకోను. ఇంజిన్‌లోని రబ్బరు టైమింగ్ బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. పన్నెండేళ్లలో ఒక్కసారీ మార్చకపోతే, ఎంత తక్కువ తిరిగినా కొన్న వెంటనే మార్పించాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఏటా కొద్దిగా తిరుగుతూ, క్రమంగా సర్వీసు అయిన బండే షెడ్డులో నిద్రపోయిన బండి కంటే మేలు. మీరు వచ్చేముందు ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీరు చూడకూడదని ఆయన అనుకున్నారేమోనన్న అనుమానం నాకైతే వస్తుంది.

ఇక బరువు. తలుపు దగ్గరో బోనెట్ కిందో ఉండే పలక మీద బండి మోయదగిన గరిష్ఠ మొత్తం బరువు, ఒక్కొక్క ఇరుసు మోయదగిన బరువు ఉంటాయి. వీలైతే ఖాళీ బండిని వేబ్రిడ్జి మీద, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. గరిష్ఠ బరువులోంచి ఖాళీ బరువు తీసేయగా మిగిలేదే మీ నలుగురికీ, సామానుకూ, నీళ్లకూ. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. వెనక సైకిళ్ల స్టాండు, అదనపు బ్యాటరీ, పక్కన చుట్టిన ఎండ పందిరి వంటివి పాత యజమానులు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడం వల్ల కాగితం మీద ఉన్న మిగులు నిజంగా ఉండదు.

చివరగా కాగితాలు. కింది వాహనం తయారైన ఏడాది, దాని మీద ఇల్లు కట్టిన ఏడాది వేరు కావచ్చు, కనుక పన్నెండేళ్లన్నది దేనికో తేల్చుకోండి. ఛాసిస్ మీద చెక్కిన 17 అక్షరాల, అంకెల సంఖ్య కాగితంలో ఉన్నదానితో సరిపోవాలి. మంచాలు ఎన్ని అన్నది ముఖ్యం కాదు, ప్రయాణంలో బెల్టుతో కూర్చోవడానికి అనుమతి ఉన్న సీట్లు ఎన్నో చూడండి. ఆరుగురు పడుకునే బండిలో నాలుగే బెల్టులు ఉండటం మామూలే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బెల్టుల సంగతి నాకు తట్టనే లేదు. యజమానిని అడిగితే నాలుగే అన్నారు, మాకు సరిపోతాయి. ఫ్రిజ్, గ్యాస్, నీళ్ల పంపు పని చేస్తున్నాయో లేదో ఒక పూటలో తేల్చడం సాధ్యమేనా?

మూడవ సమాధానం

సాధ్యమే, కానీ పరీక్ష ముందురోజే మొదలు కావాలి. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే శోషణ రకం ఫ్రిజ్‌లు చల్లబడటానికి గంటలు పడుతుంది. ముందురోజు సాయంత్రమే బండిని సమతలంగా నిలిపి ఫ్రిజ్ వేసి ఉంచమని అడగండి. మీరు వెళ్లేసరికి లోపల చల్లగా ఉండాలి. ఆ తర్వాత మీ ఎదుటే గ్యాస్ మీదికి మార్చించి మంట అంటుకుంటుందో లేదో చూడండి. బయటి గాలి జాలీ తీసి ఫ్రిజ్ వెనక గొట్టాలను టార్చితో చూడండి. అక్కడ పసుపు పొడి పేరుకుని ఉంటే, అమ్మోనియా ఘాటు వాసన వస్తుంటే, శీతలీకరణ గొట్టం కారిపోయింది. దానిని బాగు చేయడం కంటే ఆ భాగాన్ని పూర్తిగా మార్చడమే జరుగుతుంది, అది ఖరీదైన పని.

గ్యాస్ గొట్టాలను, రెగ్యులేటరును అర్హత ఉన్నవాళ్ల చేత ఒత్తిడి పరీక్ష చేయించకుండా నమ్మకండి. సబ్బు నురగతో మీరు చూడగలిగేది కనిపించే కీళ్లనే. రబ్బరు గొట్టం మీద తేదీ ముద్ర ఉంటుంది, దానిని చదవండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది కనుక కారితే నేలకు దిగుతుంది. అందుకే సిలిండర్ల గూడు అడుగున, నేలలో రంధ్రాలు వదులుతారు. చలిగాలి వస్తోందని కొందరు వాటికి గుడ్డలు కుక్కుతారు. అలా కనిపిస్తే ఆ యజమాని మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉన్నాడో కూడా అర్థమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మీట నొక్కితే మోగినంత మాత్రాన సరిపోదు. ఆ మీట ముఖ్యంగా మోత వినిపిస్తుందో లేదో చెబుతుంది, లోపలి సెన్సర్‌కు వేరే గడువు ఉంటుంది, అది వెనక ముద్రించి ఉంటుంది.

నీళ్లకు ట్యాంకు నింపించి, పంపు వేసి, కుళాయిలన్నీ గాలి పోయేదాకా తిప్పి కట్టేయండి. ఒత్తిడి స్విచ్చు ఉన్న పంపు అయితే ఆగిపోవాలి. పది నిమిషాల పాటు ఎవరూ కుళాయి ముట్టకుండా వినండి. పంపు దానంతటదే మధ్యమధ్య ఒక్క క్షణం పలికి ఆగుతుంటే ఎక్కడో నీరు పోతోంది, లేదా పంపు లోపలి కవాటం సరిగా మూసుకోవడం లేదు. కుళాయి తిప్పితేనే కరెంటు అందే, ట్యాంకులో మునిగి ఉండే రకం పంపుకు ఈ పరీక్ష పనికిరాదు, కీళ్లన్నీ చేత్తో తడిమి చూడాల్సిందే. గడ్డకట్టే చలి ఉండే చోట బండి నిలిచి ఉంటే, నీరు తీసేయకపోవడం వల్ల వేడినీళ్ల ట్యాంకు, కుళాయిల లోపలి భాగాలు పగలడం సాధారణం. అందుకే నీళ్లు పారించి చూపించడానికి యజమాని ఇష్టపడకపోతే ఏ సాకునూ ఒప్పుకోవద్దు.

ఇంటి భాగానికి కరెంటు ఇచ్చే బ్యాటరీని చూడటానికి ఓల్టులు కొలిచే మల్టీమీటరు చాలు. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలైన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 ఓల్టులు చూపుతుంది, 12.1 అంటే సగమే. బయటి కరెంటు తగిలించిన కొంతసేపటికి కూడా అది 13.5 దాటకపోతే ఛార్జరును అనుమానించాలి. లిథియం బ్యాటరీ విషయంలో ఓల్టులు చూసి స్థితి చెప్పడం కష్టం. దీపాలు, పంపు, ఫ్యాను అన్నీ వేసి కొంతసేపు వాడి చూడటమే మార్గం.

ప్రశ్న అడిగినవారు

బండి చూసి వచ్చాము. ఇంజిన్, టైర్లు, ఫ్రిజ్ బాగున్నాయి. అద్దెకు తెచ్చిన తేమ మీటరు గోడల్లో చాలాచోట్ల 12, 13 శాతం చూపింది. కొత్త రేకు ఉన్న మూలలో మాత్రం 27 వచ్చింది, దాని కింద అడుగు దూరంలో 22. రసీదులు లేవు. లోపల వంట చేసినప్పుడు పట్టే ఆవిరి వల్ల అలా చూపుతోందని యజమాని అంటున్నారు. ఇది నమ్మదగిన మాటేనా?

మొదటి సమాధానం రాసినవారు

నమ్మదగినది కాదు. ఆవిరి పట్టడం వల్ల వచ్చే తేమ పై పొర మీద, చల్లటి భాగాలన్నింటి మీద ఇంచుమించు ఒకేలా ఉంటుంది, బండి ఎండలో ఉండి కిటికీలు తెరిస్తే పోతుంది. ఒక్క మూలలో ఎక్కువై, కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతూ ఉన్నదంటే పైనుంచి నీరు దిగుతోంది. సాధారణంగా 15 లోపు పొడి గోడ, 20 దాటితే కారణం వెతకాలి, 30 దగ్గరికి వస్తే లోపలి చెక్క చెడి ఉంటుందనే అనుకోవాలి. ఒక్క మినహాయింపు ఉంది. మీరు తెచ్చింది గోడలో గుచ్చే పిన్నులు లేని మీటరైతే, గోడ వెనక అల్యూమినియం పట్టీ ఉన్నచోట తప్పుడు అంకె చూపుతుంది. కాబట్టి ఎదురు వైపు మూలలో సరిగ్గా అదే ఎత్తులో కొలిచి చూడండి. అక్కడ కూడా 27 వస్తే పట్టీ, 13 వస్తే నీరు.

నీరేనని తేలితే ధర తగ్గిస్తానన్న మాటకు వెంటనే ఒప్పుకోవద్దు, ఎంత తగ్గాలో ఇప్పుడు మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ రేకును, పైనున్న అంచు పట్టీని మీ ఖర్చుతో విప్పించి చూస్తానని, మళ్లీ బిగించి ఇస్తానని చెప్పండి. విప్పాక లోపలి చెక్కను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి. మొన ఆగితే సీలెంటు మార్చి, ఆరబెట్టి వాడుకోవచ్చు, ఆ పని ఖర్చు మేరకు బేరం చేయండి. మొన దిగితే చుట్టూ ఎంతమేర దిగుతోందో గుర్తు పెట్టుకుని, గోడలు కట్టే పనివారికి చూపించి అంచనా రాయించుకోకుండా బయానా ఇవ్వకండి. విప్పడానికే ఆయన ఒప్పుకోకపోతే మాత్రం, ఇంజిన్ ఎంత బాగున్నా, మీ స్థానంలో నేనైతే వేరే బండి వెతుక్కుంటాను.