బికనీర్‌కి ఒక్క రోజు సరిపోతుందా?

ఇసుకబాట:
జనవరిలో అమ్మని తీసుకుని రాజస్థాన్ వెళ్తున్నా. జైసల్మేర్‌కి మూడు రోజులు పెట్టి, దారిలో బికనీర్‌లో ఒక్క రోజు ఆగుదాం అనుకున్నా. కానీ అమ్మకి దేశ్‌నోక్ కర్ణీమాత గుడి చూడాలని ఎప్పటినుంచో ఉంది, ఒంటెల పండగ కూడా అదే నెలలో అంటున్నారు. ఆవిడకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ గుడి నిండా ఎలుకలు తిరుగుతుంటాయట, ఎలుకలంటే నాకు చచ్చేంత భయం, అసలు టెన్షన్ అదే. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రైలుకిటికీ:
ఒక్క రోజు వద్దండి, గుడికే సగం రోజు పోతుంది. దేశ్‌నోక్ బికనీర్‌కి 30 కిలోమీటర్లు, బస్సు ఉంది, రైలూ ఉంది, కానీ అమ్మగారితో అంటే కారే నయం. చెప్పులు బయట విడవాలి, నేల మీద గింజలూ పాలూ పడి ఉంటాయి కాబట్టి పాత సాక్సులు తీసుకెళ్లి వచ్చేటప్పుడు పారేయండి. అక్కడ వాటిని ఎలుకలు అనరు, కాబాలు అంటారు, కర్ణీమాత వంశంవాళ్లే అలా మళ్లీ పుడతారని నమ్మకం. పాదం ఎత్తి వేయకుండా నేలకి రాస్తూ నడవండి, పొరపాటున ఒకటి కాలికింద పడి చనిపోతే వెండి ఎలుకని సమర్పించాలంటారు. నాకూ మొదట ఒళ్లు జలదరించింది, కానీ పక్కనే ఒక పెద్దావిడ చేతిలో ప్రసాదం పెట్టుకుని వాటికి తినిపిస్తుంటే చూస్తూ ఉండిపోయా. తెల్ల కాబా కనిపిస్తే మంచిదంటారు, మాకు కనపడలేదు.

పాతకోటలు:
రెండో రోజు బికనీర్‌లోని జునాగఢ్ కోటకి ఇవ్వండి. రాజా రాయ్ సింగ్ కాలంలో, 1589లో మొదలుపెట్టి 1594కి కట్టారు. కొండ మీద కాదు, నేల మీదే ఉంది, అంచేత మీ అమ్మగారికి ఎక్కే బాధ తక్కువ, లోపల మాత్రం ఇరుకు మెట్లున్నాయి, తీరిగ్గా నడిపించండి. ఏది వదిలినా బాదల్ మహల్ వదలొద్దు. గోడల నిండా నీలి మబ్బులు, కారుతున్న వాన గీశారు. వాన కోసం మొహం వాచిన ఊళ్లో రాజు గదిలో వాన బొమ్మ ఉండటం చూసి నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రం భండాసర్ జైన ఆలయం చూడండి. పునాదికి నీళ్లకి బదులు నెయ్యి పోశారని కథ, నమ్మినా నమ్మకపోయినా లోపలి రంగుల పని అద్భుతం.

ఎండమావి:
పండగ తేదీలు ఏటా మారతాయి, పర్యాటక శాఖ ప్రకటించాకే టికెట్లు తీసుకోండి. ఒంటెల ఒంటి మీద బొచ్చు కత్తిరించి పూలూ లతలూ తీర్చే పోటీ ఉంటుంది, పందేలకంటే నాకు అదే నచ్చింది. జస్‌నాథీ సిద్ధులనే భక్తవర్గం వాళ్లు నిప్పుల మీద చేసే నాట్యం కూడా ఈ ప్రాంతానిదే. అయితే ఆ రోజుల్లో గదులు దొరకవు, రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది, స్వెటర్ ఒక్కటి చాలదు.

నన్నడిగితే ఈ ఊరి సొంత పండగ అక్షయ తృతీయప్పుడు వస్తుంది. రావ్ బీకా 1488లో ఊరు కట్టిన రోజని ఆ మండుటెండలో మేడల మీద గాలిపటాలు ఎగరేసి, ఖీచ్‌డా తిని, చింతపండు పానకం తాగుతారు. కానీ ఆ వేడి పెద్దవాళ్లకి మంచిది కాదు, జనవరే సరైనది.

ఇసుకబాట:
జైసల్మేర్‌లో ఒక రోజు తగ్గించి బికనీర్‌లో రెండు రోజులు ఉంటున్నాం. బాదల్ మహల్ సంగతి చెప్పగానే అమ్మ గుడికంటే ముందు కోటే చూద్దాం అంటోంది. సాక్సులు నాలుగు జతలు సర్దుతున్నా.