ఆగస్టులో ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో క్యాంపింగ్: చిన్న పాపతో వెళ్లొచ్చా?

వైట్‌ఫీల్డ్_వాసి:
ఆగస్టులో అమెరికాలో సియాటెల్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్తున్నాం, అక్కణ్నుంచి కారులో వెళ్లి ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో రెయిన్ ఫారెస్ట్ అనే వానల అడవిలో రెండు రాత్రులు టెంట్‌లో ఉండాలని ఉంది. బెంగళూరు నుంచి కూర్గ్, సక్లేశపుర వైపు వెళ్లి టెంట్ వేసిన అలవాటు ఉంది గానీ చలి అడవి మాకు కొత్త. ఏడాదికి మూడున్నర మీటర్ల వాన అని చదివినప్పటి నుంచి మా ఆవిడకి పాప గురించి ఒకటే టెన్షన్. గ్యాస్ స్టవ్, రైస్ కుక్కర్ ఇక్కణ్నుంచే తీసుకెళ్లొచ్చా?

కొండదారి:
ఆగస్టు అయితే ధైర్యంగా వెళ్లండి. వానంటే మనకి జూన్ నుంచి సెప్టెంబరు, అక్కడ పూర్తిగా తిరగబడి ఉంటుంది. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి కొండలకి తగిలి ఎక్కువగా కురిసేది నవంబరు నుంచి మార్చి దాకా, జులై, ఆగస్టుల్లోనే బాగా తక్కువ. అలాగని రెయిన్ జాకెట్ మానేయొద్దు. మన కర్ణాటకలోని ఆగుంబెలో తడిస్తే చిరాకు మాత్రమే, అక్కడ తడిస్తే వణుకు పుడుతుంది, రాత్రి పది డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది, కాటన్ బట్టలు ఆ చెట్లనీడలో ఒక పట్టాన ఆరవు. పాపకి ఉన్ని బట్టలో పాలియెస్టరో వేయండి, రాత్రికి వేసుకునే పొడి సాక్సులు కవర్లో కట్టి విడిగా ఉంచండి, పగలు ఎంత అవసరమొచ్చినా అవి తీయొద్దు.

ఇందిరానగర్_అక్క:
గ్యాస్ డబ్బా విమానంలో చెకిన్ బ్యాగులో కూడా ఒప్పుకోరండీ, అక్కడే కొనుక్కోండి. హో క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉండదు, స్నానానికి షవర్లుండవు, కాబట్టి కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి. వేసవిలో సైట్ ముందే రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవాలి, శని, ఆదివారాలు వద్దు, గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, దారిలో ఫోర్క్స్ అనే ఊళ్లోనే పెట్రోలు పట్టించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం తిండి సంగతి. అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. ఆవకాయ సీసా, నెయ్యి, కందిపొడి, చివరికి పాప టూత్‌పేస్ట్ కూడా టెంట్‌లో ఉండకూడదు, అన్నీ కారులో పెట్టి లాక్ చేయాల్సిందే. తిన్న వెంటనే గిన్నెలు కడిగేయండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. మనుషుల తిండి రుచి మరిగిన జంతువు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాని ప్రాణానికే ముప్పు.

వైట్‌ఫీల్డ్_వాసి:
చాలా థాంక్సండీ, కుక్కర్ తీసేశాం. పాప నడవగలిగే దారి ఏదైనా ఉందా?

కొండదారి:
హాల్ ఆఫ్ మాసెస్. చుట్టూ తిరిగొస్తే 1.3 కిలోమీటర్లే, పొద్దున్నే వెళ్లండి. పడిపోయిన మానుల మీద నాచు దిండులా పట్టి ఉంటుంది, అందులోంచి వేలెడంత హెమ్లాక్, స్ప్రూస్ మొక్కలు వరసగా మొలిచి కనిపిస్తాయి, పాపని పక్కనే కూర్చోబెట్టి చూపించండి, నాచు మాత్రం తొక్కనీయొద్దు. బనానా స్లగ్ అని గుల్ల లేని పసుపు నత్తలు కూడా ఉంటాయి, పెద్దవైతే జానెడు పొడవు. ఎల్క్ దుప్పులు దారికి అడ్డం వస్తే ఫోటో కోసం దగ్గరికి పోకుండా కనీసం 45 మీటర్లు ఎడంగా ఆగిపోండి, అవే వెళ్లిపోతాయి.