వ్లోరా నుంచి హిమారాకి వ్యాన్లు సొరంగంలోంచి వెళ్తాయా?

సెప్టెంబరులో అమ్మానాన్నలతో అల్బేనియా దక్షిణ తీరం చూడాలని ఉంది. వ్లోరా నుంచి హిమారా, తర్వాత సరండా, బుట్రింట్ శిథిలాలు, చివరికి ఫెర్రీలో గ్రీసు ద్వీపం కోర్ఫు. మాకెవరికీ డ్రైవింగ్ రాదు కాబట్టి ఫుర్గాన్ అనే చిన్న వ్యాన్లే దిక్కు.

అమ్మకి ఘాట్ రోడ్డు పడదు. పోయినసారి అరకు వెళ్తూ నిమ్మకాయ వాసన చూసుకుంటూ, కళ్లు మూసుకుని నా భుజం మీదే వాలిపోయింది. వ్లోరా, హిమారాల మధ్య వచ్చే లోగరా కనుమ వెయ్యి మీటర్ల ఎత్తు అంటే నాకే టెన్షన్‌గా ఉంది. 2024లో అక్కడ సొరంగం తెరిచారు కదా, వ్యాన్లు అందులోంచే వెళ్తున్నాయా, పాత మలుపుల దారినేనా? ముందు సీటు అడిగితే ఇస్తారా?

ఇంకోటి, అమ్మ గుడ్డు కూడా తినదు. అక్కడి పొరల పేస్ట్రీ అయిన పాలకూర బ్యూరెక్‌లో గుడ్డు కలుపుతారా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.