రాత్రి టాక్ షోల్లో ఆడవాళ్లకు నిలదొక్కుకునే టైమ్ ఇచ్చారా? తెలిసినవాళ్లు చెప్పండి

అమెరికా టీవీలో రాత్రిపూట వచ్చే కామెడీ టాక్ షోల మీద వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, సాయం కావాలి.

కమెడియన్ జోన్ రివర్స్ సంగతే చూడండి. ఎన్‌బీసీ ఛానెల్‌లో 'టునైట్ షో' హోస్ట్ జానీ కార్సన్ సెలవులో ఉన్నప్పుడల్లా 1983 నుంచి ఆయన షోను నడిపింది ఆవిడే. 1986లో ఫాక్స్ ఛానెల్‌లో సొంత షో పెట్టుకోగానే కార్సన్ ఆవిడతో మాటలు మానేశారు. మరుసటి ఏడాదే ఫాక్స్ ఆవిడను తీసేసింది. అదే 1993లో ఎన్‌బీసీలో రాత్రి షో మొదలుపెట్టిన కోనన్ ఓబ్రయన్ మొదట్లో బాగా తడబడ్డారు, విమర్శకులు ఏకిపారేశారు. అయినా ఎన్‌బీసీ కొన్ని వారాల చొప్పున పొడిగిస్తూ వచ్చింది, ఆయన నిలదొక్కుకున్నారు. నన్ను తొలిచేస్తున్నది ఈ తేడానే.

2015లో వానిటీ ఫెయిర్ పత్రిక ఈ షోల హోస్టులందరినీ కూర్చోబెట్టి ఫోటో వేస్తే సూట్లలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. కమెడియన్ సమంతా బీ ఆ ఫోటోలో తన బొమ్మ అతికించి ట్విట్టర్‌లో పెట్టారు: సగం గుర్రం ఒళ్లు, కళ్లలోంచి లేజర్ కిరణాలు! నాకెంతో నచ్చింది. ఆవిడ షో 2016 నుంచి 2022 దాకా నడిచింది. మరో మహిళా హోస్ట్ లిల్లీ సింగ్ షో 2021లోనే ఆగింది.

రేటింగ్స్ తక్కువున్నా ఓపిక పట్టి ఛానెల్ కొనసాగించిన మహిళా హోస్ట్ ఎవరైనా ఉన్నారా? ఏ దేశమైనా పర్వాలేదు. ఇలాంటి షోలకు స్క్రిప్ట్ రాసే టీమ్‌లో (రైటర్స్ రూమ్) పనిచేసినవాళ్లుంటే, ఇలాంటి నిర్ణయాలు అసలు ఎవరు, ఏం చూసి తీసుకుంటారో కూడా చెప్పండి, ప్లీజ్.