30 శాతం ఉండగానే ఫోన్ ఆఫ్ అవుతోంది: తప్పు ఛార్జర్‌దా, బ్యాటరీదా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఫోన్ కొని మూడేళ్లయింది, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఈ మధ్య 30 శాతం చూపిస్తూనే టప్పున ఆగిపోతోంది, ముఖ్యంగా ఫ్లాష్ వేసి ఫొటో తీసేటప్పుడు. ఛార్జర్ తగిలించగానే మళ్లీ 28 అంటుంది. ఇంకోటి, 80 దాకా గబగబా ఎక్కి, అక్కణ్నుంచి నత్తనడక. నాది డెలివరీ పని, మ్యాప్ లేకపోతే బండి కదలదు. ఎక్కువ వాట్ల ఛార్జర్ కొంటే సరిపోతుందా అన్నా?

జవాబు:
కొనకు తమ్ముడూ, డబ్బు దండగ. నువ్వు చెప్పిన రెండిట్లో ఒకటి అసలు జబ్బే కాదు.

గోడకు పెట్టేది 230 వోల్టుల ఏసీని 5 లేదా 9 వోల్టుల డీసీగా మార్చే అడాప్టర్ మాత్రమే. ఛార్జింగ్ నడిపేది ఫోన్ బోర్డు మీదుండే ఐసీ, అంటే చిన్న చిప్. సెల్ (బ్యాటరీ లోపల ఛార్జ్ దాచే భాగం) వోల్టేజీ పై హద్దుకు (4.2 వోల్టులు, కొత్త ఫోన్లలో ఇంకాస్త ఎక్కువ) చేరేదాకా అది కరెంటు దండిగా పంపుతుంది. చేరాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, కరెంటును మెల్లగా తగ్గిస్తుంది. తగ్గించకపోతే లిథియం ఆనోడ్‌లోకి (సెల్ నెగెటివ్ పలకలోకి) దూరకుండా పైనే లోహంలా పేరుకుంటుంది. కాబట్టి ఏ అడాప్టర్ పెట్టినా 80 తర్వాతి ఆ చివరి భాగం నెమ్మదే, అది జబ్బు కాదు.

అసలు జబ్బు ఫ్లాష్ దగ్గర బయటపడుతోంది. సెల్ పాతబడేకొద్దీ దాని అంతర్నిరోధం, అంటే కరెంటును లోపలే అడ్డుకునే గుణం, పెరుగుతుంది. ఉదాహరణకు సెల్ 3.7 వోల్టుల దగ్గర ఉంది, ఫ్లాష్ వెలగగానే ఫోన్ 2 ఆంపియర్లు లాగింది అనుకో. నిరోధం 0.1 ఓమ్ అయితే వోల్టేజీ 3.5కి దిగుతుంది, ఫోన్ నడుస్తుంది. 0.3 ఓమ్ అయితే 3.1కి పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. భారం తీసేయగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది. అందుకే నీకు 28 కనబడుతోంది. అంటే ఛార్జ్ నిజంగానే ఉంది, తోడుకోవడమే కుదరడం లేదు.

ఎండలో బండి మీద ఛార్జింగ్ పెడుతుంటావా?

మధ్యలో మరొకరు:
ఒకసారి పూర్తిగా సున్నాకు దించి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టండి బ్రదర్. మా పాత ఫోన్లకు అలాగే చేసేవాళ్లం.

జవాబు:
అది నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి చిట్కా అండీ. లిథియం బ్యాటరీని ఒకసారి దించి నింపితే శాతం లెక్క కాస్త సర్దుకుంటుందేమో గానీ, పెరిగిన నిరోధం తగ్గదు. మాటిమాటికీ సున్నాకు దించితే అరుగుదల ఇంకా పెరుగుతుంది.

అడిగినవారు:
అవునన్నా, హోల్డర్‌లో పెట్టి, పవర్ బ్యాంక్ తగిలించి తిరుగుతా. మే నెలలో మధ్యాహ్నం పూట ఛార్జింగ్ దానంతటదే ఆగిపోయేది. మా వీధిలో రిపేరతను 'బ్యాటరీ మీది చిన్న బోర్డు పోయింది, డైరెక్ట్ చేసేస్తా' అంటున్నాడు. అన్నట్టు వెనక మూత ఒక మూల కొంచెం లేచింది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు:
ఆ చివరి మాట మొదట చెప్పాలి కదయ్యా! ఛార్జింగ్ ఇప్పుడే ఆపెయ్. బ్యాటరీ ఉబ్బినట్టుంది. వేడికి లోపలి ఎలక్ట్రోలైట్ (సెల్‌లోని రసాయన ద్రవం) విచ్ఛిన్నమైతే వాయువు పుడుతుంది. మూతను నొక్కి బిగించకు, పిన్నుతో గాలి తీయాలని చూడకు. గుచ్చితే లోపల షార్ట్ అయి అంటుకుంటుంది.

డైరెక్ట్ మాత్రం చేయించకు. వోల్టేజీ హద్దు దాటినా, మరీ కిందికి దిగినా, షార్ట్ అయినా దారి మూసేసేది ఆ చిన్న బోర్డే. మేలో ఛార్జింగ్ ఆగిందన్నావే, అది థర్మిస్టర్ (బ్యాటరీ వేడిని పసిగట్టే భాగం) పనితనం. సెల్ వేడి సుమారు 45 డిగ్రీలు దాటితే చాలా ఫోన్లు ఛార్జింగ్ ఆపుతాయి. కొన్ని నాసిరకం బ్యాటరీల్లో థర్మిస్టర్ బదులు మామూలు రెసిస్టర్ పెడతారు. అప్పుడు ఎంత కాలినా ఫోన్‌కు తెలియదు. అందుకే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే మార్పించు.

అడిగినవారు:
టెన్షన్ పెట్టేశావన్నా. ఫొటోలు, నంబర్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ముందు కాపీ చేసుకోవచ్చా?

జవాబు:
ఫోన్ వేడిగా లేకపోతేనే. కేబుల్ తగిలించకుండా, ఉన్న ఛార్జ్‌లోనే వైఫైలో పంపుకో. పరుపు మీద కాదు, గచ్చు మీద పెట్టు. వేడెక్కినా, వింత వాసన వచ్చినా వదిలేసి దూరం జరుగు. పని అయ్యాక ఆఫ్ చేసి తీసుకెళ్లు, ప్యాంటు జేబులో మాత్రం వద్దు. పాత బ్యాటరీని అక్కడే ఇచ్చేయ్, చెత్తబుట్టలో వేయకు.