కొణిజేడు పొలంలో దొరికిన నల్లరాయి ఉల్కాశిలేనా?

ప్రశ్న – ఉపాధ్యాయుడు, టంగుటూరు
అందరికీ నమస్కారం. కొణిజేడు వైపు పొగాకు చేను దున్నుతుండగా బయటపడిన రాయిని మా తొమ్మిదో తరగతి అమ్మాయి బడికి తెచ్చింది. పిడికెడే ఉన్నా ఇనుపగుండంత బరువుగా ఉంది, రంగు నలుపు, బడిలోని అయస్కాంతం గట్టిగా పట్టుకుంటోంది. విశ్వవిద్యాలయానికి పంపేముందు మేము ఏమేమి చూసుకోవాలో, అక్కడ దానిని ఎలా పరీక్షిస్తారో దయచేసి తెలియజేయగలరు.

జవాబు – విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు
మాస్టారూ, ముందు ఆ అయస్కాంతాన్ని దూరంగా పెట్టించండి. ఉల్కాశిలల్లో కోట్ల ఏళ్ళ నాటి అయస్కాంత క్షేత్రపు జాడ నిలిచి ఉండవచ్చు, బలమైన అయస్కాంతం ఒక్కసారి తగిలినా అది చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. దిక్సూచి ముల్లు కదులుతుందేమో చూస్తే సరిపోతుంది.

ఇక ఊరి పేరు చదవగానే నాకు అనుమానం వచ్చింది. కొణిజేడు, మర్లపాడు కొండల్లో ఉన్నది మాగ్నెటైటు, అంటే మీరు చెప్పిన బరువూ, నలుపూ, అయస్కాంతానికి అతుక్కునే గుణమూ అన్నీ ఉన్న ఇనుప ఖనిజం. గోడకు అతికించే టైలు వెనకవైపు, మెరుపు లేని చోట రాయిని గట్టిగా గీయండి. నల్లని గీత పడితే మాగ్నెటైటు, ఎర్రనిది పడితే హెమటైటు అనే మరో ఇనుప ఖనిజం అనుకోవచ్చు. ఉల్కాశిల సాధారణంగా గీత వదలదు. కొత్తగా పడిన ఉల్కాశిలకైతే గాలి రాపిడికి కరిగి గడ్డకట్టిన పలుచని నల్లపొర ఉంటుంది, పెచ్చు ఊడినచోట లోపలి రంగు వేరుగా కనిపిస్తుంది.

జవాబు – పరిశోధక విద్యార్థిని, ఒంగోలు
సార్ చెప్పినదంతా నిజమే కానీ, అయస్కాంతం పెద్దగా పట్టనంత మాత్రాన ఏ రాయినీ పారవేయవద్దని పిల్లలకు చెప్పండి. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో పడిన అరుదైన ఆబ్రైటు రకం ఉల్కాశిలలో లోహం చాలా తక్కువ. అలాంటిది మన దేశంలో అంతకుముందు పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ అనే ఊరి దగ్గర. దియోదర్ ముక్కలను అహమ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు పరిశీలించారు. అందులో ముఖ్యమైన ఖనిజం ఎన్‌స్టటైటు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటులో మిలమిల మెరిసే బ్రాంజైటు కూడా ఆ కుటుంబానిదే, కాకపోతే దీనిలో ఇనుము ఎక్కువ.

ప్రయోగశాలలో రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, కాంతి దాటిపోయే ఆ పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. తరువాత ఖనిజాల కూర్పును, లోహముంటే నికెల్ పాళ్ళను కొలుస్తారు. ఆక్సిజన్ మూడు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) నిష్పత్తిని బట్టి అది ఏ కుటుంబపు ఉల్కాశిలో తేలుస్తారు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం పిల్లల ముందే టైలు మీద గీశాము, బొగ్గుతో గీసినట్టు నల్లని గీత పడింది. అమ్మాయి కాసేపు చిన్నబోయింది కానీ, మధ్యాహ్నానికల్లా బడి ఆవరణలోని రాళ్ళన్నీ ఏరి తెచ్చి అదే టైలు మీద గీస్తూ కూర్చుంది.